మెస్ ఆప్షనల్ చేశాం, ఫుడ్ కోర్ట్ పెట్టాం: మా హాస్టల్ లెక్క

రాత్రి తొమ్మిదిన్నరకి మా కాలేజీ మెయిన్ గేటు దగ్గర, సెక్యూరిటీ గదిని ఆనుకుని ఒక ఇనప టేబుల్ ఉంటుంది. దాని మీద డెలివరీ కవర్లు వరసగా పెడతారు, స్కెచ్ పెన్‌తో రూమ్ నంబర్ రాసి. 2023 అక్టోబర్లో ఒక మంగళవారం రాత్రి నేను అక్కడే నిలబడి లెక్కపెడితే 140 కవర్లు వచ్చాయి. అదే రాత్రి మెస్‌లో వండింది 900 మందికి, తిన్నది 610 మంది. మిగిలిన అన్నం, సాంబారు డ్రమ్ముల్లో పోసి వెనక గుమ్మం దగ్గర పెట్టారు, పందుల ఫారం ఆటో వచ్చి తీసుకెళ్తుంది. 610కి 140 కలిపితే 750, ఫుడ్ కోర్ట్‌లో ఇంకో 250 మంది తిన్నారనుకున్నా 1,000. హాస్టల్లో ఉండేది 1,150 మంది. పిల్లలు ఊళ్లకి వెళ్లే రోజు కూడా కాదు అది. మరి మిగతా 150 మంది ఏం తిన్నట్టు? నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో క్యాంపస్ సర్వీసెస్ చూస్తాను. మెస్, క్యాంటీన్, హాస్టల్ గదులు, లాండ్రీ, జిరాక్స్ షాపు, బస్సులు, షాపుల అద్దెలు, ఇవన్నీ నా టేబుల్ మీదకే వస్తాయి. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఇందులో మా తప్పులు చాలా ఉన్నాయి, ఇప్పుడు ఇదే దారిలో వెళ్తున్న కాలేజీలు చుట్టుపక్కల చాలా ఉన్నాయి, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఇదంతా ఎందుకు మొదలైందో చెప్పాలి. తెలంగాణలో ఇంజనీరింగ్ ట్యూషన్ ఫీజు మా చేతిలో లేదు, టీఏఎఫ్ఆర్‌సీ (రాష్ట్ర ప్రభుత్వ ఫీజుల కమిటీ) మూడేళ్లకోసారి ఫిక్స్ చేస్తుంది. పిల్లల్లో ఎక్కువమంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతారు, ఆ డబ్బులు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు, 2025 నవంబర్ మొదటి వారంలో బకాయిల కోసం ప్రైవేట్ కాలేజీలు బంద్ పెట్టేదాకా వెళ్లిందంటే పరిస్థితి అర్థమవుతుంది. జీతాలు మాత్రం ఒకటో తారీఖుకి ఇవ్వాలి. అందుకని ప్రతి మేనేజ్‌మెంట్ కన్ను ఇప్పుడు నెలనెలా చేతికి డబ్బొచ్చే వాటి మీద పడింది, అంటే హాస్టల్, షాపులు, స్టాళ్లు. ఇది తప్పని నేను అనను. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీలు వేసవి సెలవుల్లో గదులు కాన్ఫరెన్సులకి, టూరిస్టులకి ఇచ్చి సంపాదించుకుంటాయి, అక్కడ దీనికి ప్రత్యేకంగా డిపార్ట్‌మెంట్లే ఉంటాయి. మనకీ అది రాబోతోంది. కానీ ఏది ముందు ఏది తర్వాత అన్నది తప్పితే ఎక్కడ దెబ్బ తగులుతుందో మేం చూశాం.

2023 జూన్‌లో మా కరస్పాండెంట్ గారు రెండు నిర్ణయాలు ఒకేసారి తీసుకున్నారు, రెండింటి మీదా నా సంతకం ఉంది. ఒకటి, పాత క్యాంటీన్ షెడ్డు బాగుచేయించి 7 స్టాళ్ల ఫుడ్ కోర్ట్ పెట్టడం, అద్దె ప్లస్ అమ్మకాల్లో వాటా. రెండోది, మెస్ అందరికీ కంపల్సరీ అనే రూల్ తీసేయడం. అప్పటిదాకా నెలకి తలకి 3,900, అంటే రోజుకి 130, తిన్నా తినకపోయినా. దాని బదులు పూటకో కూపన్, ఫోన్లో క్యూఆర్, టిఫిన్ 35, మధ్యాహ్నం 60, రాత్రి 60. తిన్నదానికే కట్టు, నచ్చినచోట తిను. పిల్లలు చప్పట్లు కొట్టారు, పేరెంట్స్ మీటింగులో కూడా మంచి పేరొచ్చింది. ఫుడ్ కోర్ట్ నుంచి నెలకి సుమారు 2 లక్షలు రావడం మొదలైంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క మేం చూసుకోలేదు. మూడు పూటలా మెస్‌లోనే తినేవాడికి పాత పద్ధతిలో రోజుకి 130 పడేది, కొత్త పద్ధతిలో 155. అంటే బయట తినే స్తోమత లేక పూర్తిగా మెస్ మీదే ఆధారపడే పిల్లాడికే రేటు పెరిగింది, వారానికి నాలుగు రోజులు బిర్యానీ ఆర్డర్ పెట్టేవాడికి తగ్గింది. కాగితం మీద చూస్తే ఇది అయిదు నిమిషాల పని, మేం అయిదు నెలలు చూడలేదు.

రెండో లెక్క కాంట్రాక్టర్ది. మెస్ నడపాలంటే తినేవాళ్లు ఎంతమంది ఉన్నా కదలని ఖర్చు ఒకటి ఉంటుంది: వంట మాస్టర్, ఆయన కింద కుక్‌లు, కూరలు తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, బాయిలర్, గ్యాస్. మా దగ్గర గుండ్రంగా నెలకి 11 లక్షలు. 1,150 మంది తింటే తలకి 956 పడుతుంది, 700 మందే తింటే 1,571. తేడా 600 పైన, అంటే తలకి రోజుకి 20 రూపాయలు. ఆ 20 ఎక్కడో ఒకచోట కొయ్యాలి, కోసేది ఎప్పుడూ ప్లేట్లోనే. కూపన్ రేటు పెంచారు కదా అని అడగొచ్చు, ఆ పెంచినదంతా వృథాకే పోయింది, ఎందుకంటే రేపు ఎంతమంది వస్తారో తెలియని వంటవాడు భయానికి ఎక్కువే వండుతాడు, తక్కువ పడితే తిట్లు ఆయనకే కదా.

సెప్టెంబర్‌కల్లా పెరుగు పల్చబడింది, మజ్జిగకి పెరుగు అని పేరు పెట్టినట్టు అయింది. పప్పులో కందిపప్పు తగ్గి సొరకాయ పెరిగింది. నూనె విషయం నేను మీటర్ పెట్టి చూసేదాకా నమ్మలేదు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (మళ్లీ మళ్లీ కాచినకొద్దీ పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే పారబోయాలి అని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) 2018 జులై నుంచి రూల్ పెట్టింది, మా పూరీ మూకుడులో నూనె 31 చూపించింది. ఆ రోజే పారబోయించాను, కాంట్రాక్టర్‌కి నోటీస్ ఇచ్చాను, కానీ నోటీస్ ఇస్తే పోయే జబ్బు కాదది. మెస్ బాగాలేదని ఇంకొంతమంది బయటికి పోయారు, వాళ్లు పోయినందుకు మెస్ ఇంకాస్త పాడైంది.

అన్నం సంగతి కొంచెం వివరంగా చెప్తాను. నవంబర్ చివర్నుంచి "అన్నం ముద్దగా వస్తోంది సార్" అని ఒకటే గొడవ. మాస్టర్‌ని అడిగితే ఆయన ఏం మాట్లాడకుండా స్టోర్లోకి తీసుకెళ్లి రెండు బస్తాల్లోంచి రెండు గుప్పెళ్లు తీసి నా అరచేతిలో పోశాడు. ఒకటి పాత బియ్యం, కొంచెం పసుపు తిరిగి గలగలలాడుతున్నాయి. రెండోది తెల్లగా, పట్టుకుంటే చల్లగా తేమ తగులుతోంది. "ఇవి మొన్న కోసిన వడ్లు సార్, గింజలో ఇంకా పచ్చి ఉంది, నేను ఎంత నీళ్లు తగ్గించినా జిగురు వస్తుంది, కనీసం ఆరు నెలలు ఆగాలి" అన్నాడు. ఖరీఫ్ కోతలు అయ్యాక కొత్త బీపీటీ రకం సన్న బియ్యం మార్కెట్‌కి వస్తాయి, క్వింటాల్‌కి కొన్ని వందలు తక్కువకే దొరుకుతాయి, పాతవి అప్పుడే రేటు ఎక్కుతాయి. కాంట్రాక్టర్ చేసింది మోసం అని కూడా అనలేం, టెండర్‌లో మేం "సోనా మసూరి రకం బియ్యం" అని రాశాం గానీ పాతవో కొత్తవో రాయలేదు. ఆ ఒక్క పదం లేకపోవడం వల్ల రెండు నెలలు 600 మంది ముద్దన్నం తిన్నారు.

ఇప్పుడు ఆ 150 మంది సంగతి. ఫుడ్ కోర్ట్‌లో యూపీఐ డబ్బులు నేరుగా స్టాల్ వాళ్లకి పోతాయి, ఎవరు తిన్నారో మాకు తెలియదు. మెస్ క్యూఆర్ డేటా మాత్రం మా దగ్గర ఉంది. వారంలో నాలుగు రాత్రులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ స్కాన్ చేయని వాళ్ల లిస్ట్ తీసి, అందులో గేటు దగ్గర కవర్లు తీసుకునే గదులు కొట్టేసి, వార్డెన్లతో కలిసి ఫ్లోర్ ఫ్లోర్ తిరిగాం. చివరికి 64 పేర్లు మిగిలాయి. ఒక్కొక్కళ్లతో విడిగా మాట్లాడాం, ఆఫీసుకి పిలిపించకుండా గదికే వెళ్లి. అందులో 20 మంది దాకా స్టాళ్లలో తింటున్నారు, ఇద్దరు ముగ్గురు డైటింగ్ అన్నారు. మిగతా 40 మంది రాత్రి భోజనం మానేస్తున్నారు.

ఎందుకు మానేస్తున్నారు అంటే చాలా సూటి కారణం. టిఫిన్, మధ్యాహ్నం తిని రాత్రి మానేస్తే రోజుకి 95 అవుతుంది, నెలకి 1,800 మిగులుతాయి. ఇదివరకు నెల చార్జీ తండ్రి ఎలాగో కట్టేసేవాడు, కట్టాక తినకుండా ఉంటే మిగిలేది ఏమీ లేదు కాబట్టి పిల్లాడు తినేవాడు. మేం తిండికి పూటపూటకి రేటు కట్టి వాడి చేతిలో పెట్టేసరికి వాడు ఆ డబ్బుని ఇంటి అవసరాలతో పోల్చుకోవడం మొదలుపెట్టాడు. మూడో అంతస్తులో ఒక అబ్బాయి, సెకండ్ ఇయర్, నల్గొండ వైపు నుంచి. మంచం కింద ట్రంకు పెట్టెలో ఉసిరికాయ పచ్చడి సీసా, గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్లు. ముగ్గురు స్నేహితులు కలిసి ఒక కూపన్ మీద ప్లేట్ నిండా అన్నం పెట్టించుకుని గదికి తెచ్చుకుంటారట, పచ్చడి వీడిది. "మా నాయిన ఆటో నడుపుతడు సార్, చెల్లెకి ఈ ఏడు ఇంటర్ ఫీజు కట్టాలె, నాకు రాత్రి పెద్దగా ఆకలి కాదు" అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ వదలదు. 19 ఏళ్ల పిల్లాడికి రాత్రి ఆకలి కాకపోవడం ఏంటి.

ఇంకో అమ్మాయి మెస్ ఫీడ్‌బ్యాక్ డబ్బాలో చీటీ వేసింది, "సార్ మాకు కొత్త స్టాల్స్ వద్దు, పెరుగు ముందులాగా గట్టిగా రానియ్యండి చాలు" అని. నేను దాన్ని ఫైల్లో పెట్టుకున్నాను.

డిసెంబర్లో మేనేజ్‌మెంట్‌కి చెప్పాల్సి వచ్చింది. నెలకి 2 లక్షలు తెచ్చే ఏర్పాటుని కదిలించమంటే ఎవరూ ఊరికే ఒప్పుకోరు, ఆకలి కథలు చెప్తే జాలిపడతారు గానీ బడ్జెట్ మారదు, కాబట్టి నేను ముందు హాస్టల్ ఖాళీల కాగితం పెట్టాను. ఆ నెల 38 మంది హాస్టల్ వెకేట్ చేస్తామని లెటర్లు ఇచ్చారు, అందరూ రాసిన కారణం తిండే, బయట పీజీల్లోకి పోతున్నారు. గది అద్దె ఏడాదికి 55,000, అంటే 38 మందికి 20 లక్షల 90 వేలు. ఫుడ్ కోర్ట్ ఏడాది మొత్తం తెచ్చేది 24 లక్షలు. ఇంకో పదిమంది వెళ్లిపోతే ఫుడ్ కోర్ట్ పెట్టింది నష్టానికే అని తేలుతుంది. కరస్పాండెంట్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "రెండూ ఒకే పుస్తకంలో రాయకపోవడం మన తప్పు" అన్నారు. ఆ తర్వాత 40 మంది విషయం చెప్పాను. అప్పుడు విన్నారు.

2024 జనవరి నుంచి మార్చినవి ఇవి, ఏది ఎలా పనిచేసిందో చెప్తాను.

మెస్ మళ్లీ అందరికీ కామన్ చేశాం, నెల చార్జీ పద్ధతే. కానీ రాత్రి భోజనం వద్దనుకుంటే ముందు రోజు సాయంత్రం 6 లోపు ఫోన్లో కట్ పెట్టొచ్చు. కట్ పెడితే తిరిగి ఇచ్చేది 60 కాదు, 35 మాత్రమే, ఎందుకంటే వాడు తినకపోతే మిగిలేది సరుకు ఖర్చే, మాస్టర్ జీతం తగ్గదు కదా. దీని మీద పిల్లలు మొదట గొడవ చేశారు, కమిటీలో కూర్చోబెట్టి 11 లక్షల లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే అర్థం చేసుకున్నారు. మన యూనివర్సిటీ హాస్టళ్లలో పాతకాలం నుంచి ఉన్న డివైడింగ్ సిస్టమ్ కూడా ఇదే కదా, నెలాఖరుకి అయిన ఖర్చుని తిన్నవాళ్ల మీద పంచడం, అందులో ప్రతి పిల్లాడికీ లెక్క తెలుస్తుంది. ఆ పద్ధతిలో లెక్క కనపడటం అనే గుణాన్ని మాత్రం మేం తీసుకున్నాం.

ఒకే నెలలో 12 కన్నా ఎక్కువ కట్‌లు పెట్టిన వాళ్లతో వార్డెన్ మాట్లాడతారు, శిక్ష కోసం కాదు, కనుక్కోవడం కోసం. ఆ లిస్ట్ నోటీస్ బోర్డుకి ఎక్కదు, వాట్సాప్ గ్రూపుల్లోకి పోదు, వార్డెన్ దగ్గరా నా దగ్గరా తప్ప ఎవరి దగ్గరా ఉండదు. ఎవరింట్లో డబ్బుల్లేవో చెప్పే డేటా అది.

ఫుడ్ కోర్ట్ అద్దె, వాటా మొత్తం మెస్ ఖాతాలోకి మళ్లించాం, జనరల్ ఫండ్‌కి కాదు. 2 లక్షల్ని 1,150తో భాగిస్తే తలకి 170 చిల్లర. చార్జీ 4,100 చేయాల్సిన చోట 3,950 దగ్గర ఆపగలిగాం. బయట దోసె తినేవాడి డబ్బు కొంత తిరిగి మెస్‌లో పెరుగుగా వస్తోందన్నమాట. నా దృష్టిలో రాబోయే రోజుల్లో క్యాంపస్ షాపుల వ్యాపారం ఇలాగే నడవాలి, షాపు ఆదాయాన్ని విడిగా చూసి మురిసిపోతే, దాని వల్ల పక్కన ఏది కూలిపోతోందో కనపడదు.

సరుకు కొనడం కాంట్రాక్టర్ చేతిలోంచి తీసేశాం, ఆయనది లేబర్ కాంట్రాక్ట్ మాత్రమే ఇప్పుడు. బియ్యం, పప్పు, నూనె, పాలు కాలేజీయే కొంటుంది, కూరగాయలకి వారానికి మూడుసార్లు బోయిన్‌పల్లి మార్కెట్‌కి మా వ్యాను పోతుంది, ఇద్దరు స్టూడెంట్ మెంబర్లు కూడా వెళ్తారు. బియ్యం ఇండెంట్‌లో "కనీసం 6 నెలలు పాతవి" అని రాశాం. కోతలకి ముందే, సెప్టెంబర్లోనే నాలుగు నెలల స్టాక్ ఎత్తి పెడతాం. దీనికి స్టోర్‌లో చెక్క పలకలు వేయించాల్సి వచ్చింది, బస్తాలు నేల మీద పెడితే చెమ్మ ఎక్కి పురుగు పడుతుంది.

ఇందులో టాక్స్ కోణం కూడా ఉంది, చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. 2018 జనవరిలో జీఎస్టీ వాళ్లు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం కాలేజీయే తన పిల్లలకి మెస్ నడిపితే పన్ను లేదు, బయటి కాంట్రాక్టర్‌కి క్యాటరింగ్ ఇస్తే ఆయన బిల్లు మీద 5 శాతం పడుతుంది. మా నెల బిల్లు దాదాపు 45 లక్షలు, 5 శాతం అంటే 2 లక్షల 25 వేలు. లేబర్ కాంట్రాక్ట్ అయితే 18 శాతం, కానీ అది 8 లక్షల జీతాల బిల్లు మీదే కాబట్టి 1 లక్ష 44 వేలు. నెలకి 80 వేలు మిగిలింది, అది నేరుగా గుడ్లకి పోయింది, వారానికి రెండుసార్లు ఇచ్చే గుడ్డు నాలుగుసార్లు అయింది. మీ కాగితాలు మీ ఆడిటర్‌కి చూపించుకుని చేయండి, ఒప్పందం రాసే పద్ధతి తేడా వస్తే లెక్క మారిపోతుంది.

ఈ లెక్కలు వేసేటప్పుడు నేను ఎప్పుడూ ప్రభుత్వ హాస్టళ్ల వైపు చూస్తాను. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్లో డైట్ చార్జీలు (హాస్టల్ పిల్లల తిండికి ఇచ్చే డబ్బు) 40 శాతం పెంచాక కూడా ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకి 2,100, అంటే రోజుకి 70 రూపాయలు, మూడు పూటలకి. అంతకుముందు 1,500. అక్కడ వార్డెన్లు ఆ డబ్బుతో ఎలా నెట్టుకొస్తున్నారో తెలిసినవాడిగా చెప్తున్నా, మాకున్న వెసులుబాటుతో మెస్ పాడుచేసుకుంటే సాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రాత్రి ఆకలి సంగతి విడిగా చూశాం. మెస్ 7:30కి మొదలై 8:45కి అయిపోతుంది, పిల్లలు చదివేది, కబుర్లు చెప్పుకునేది ఒంటిగంట దాకా. గేటు దగ్గర కవర్లలో సగం నిజానికి రెండో భోజనాలు. 9:30 నుంచి 11 దాకా మెస్ గుమ్మంలోనే ఒక కౌంటర్ పెట్టాం, బ్రెడ్ ఆమ్లెట్, ఎగ్ ఫ్రైడ్ రైస్, పాలు, అరటిపండు. దీనికి ఇద్దరు కుక్‌లకి ఎక్స్‌ట్రా కూలి ఇస్తాం. నెల తిరిగేసరికి గేటు టేబుల్ మీద కవర్లు 60కి పడిపోయాయి. పెద్ద బ్రాండ్ ఏదీ రాకుండానే.

మిగతా సర్వీసుల గురించి కొద్దిగా. జిరాక్స్ షాపు అద్దె ప్రతి ఏడూ తగ్గించుకుంటూ వస్తున్నాం, నోట్స్ అన్నీ ఫోన్లో పీడీఎఫ్‌లు అయిపోయాక వాడికి రికార్డులు, హాల్ టికెట్లు తప్ప ఏం మిగల్లేదు. లాండ్రీ నడుస్తోంది. ఎక్కువ వాడేది మాత్రం ఆన్‌లైన్ పార్సిళ్ల గది, సేల్స్ రోజుల్లో గుట్టలు పడతాయి, దానికి ఒక మనిషి, రాక్‌లు, రిజిస్టర్ కావాలి, రూపాయి ఆదాయం లేదు. పిల్లలకి బాగా కావాల్సిన సర్వీసుకి అద్దె రాదు, అద్దె ఇచ్చే షాపు ఎన్నాళ్లుంటుందో తెలియదు, బడ్జెట్ వేసేవాళ్లు ఇది చూసుకోవాలి. వేసవిలో గదులు క్యాంపులకి ఇద్దామని ఒక ఆలోచన నడుస్తోంది. హాస్టల్ గదుల మీద 2024 జులైలో వచ్చిన జీఎస్టీ మినహాయింపు నెలకి 20,000 లోపు కట్టి, వరసగా కనీసం 90 రోజులు ఉండేవాళ్లకి, పదిరోజుల క్యాంపులకి అది వర్తించదు, అందుకని రేటు ఇంకా తేల్చలేదు.

పూర్తిగా సరికానివి కూడా ఉన్నాయి. చెత్త ఒకటి. రోజుకి 100 కేజీలు దాటితే బల్క్ వేస్ట్ జనరేటర్ (చెత్త ఎక్కువగా వచ్చే సంస్థ) కింద లెక్క, తడి చెత్త మనమే చూసుకోవాలని 2016 రూల్స్‌లోనే పెట్టారు, మేం ఇంకా కంపోస్ట్ గుంతల దగ్గరే ఉన్నాం. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల చెత్తతో గ్యాస్, కరెంటు తీస్తున్నారు, మా మాస్టర్‌ని తీసుకెళ్లి చూపించాను, ఆయనకి నచ్చింది, డబ్బులు శాంక్షన్ కాలేదు. రెండోది, ఫస్ట్ ఇయర్ పిల్లలకి ఏటా ఆ 11 లక్షల లెక్క మళ్లీ మొదట్నుంచి చెప్పాలి, చెప్పకపోతే "తినని పూటకి ఫుల్ డబ్బులు ఎందుకివ్వరు" అనే గొడవ ఆగస్టులో మళ్లీ వస్తుంది, వచ్చింది కూడా. మూడోది, ఆ నల్గొండ అబ్బాయి లాంటి వాళ్లకి నెల చార్జీ కూడా బరువే. కమిటీ తీర్మానంతో 25 మందికి నైట్ కౌంటర్లో, స్టోర్లో వారానికి ఆరేడు గంటల పని ఇచ్చి చార్జీలో సగం తగ్గిస్తున్నాం. 25 సరిపోవు.

ఇప్పుడు వంటింటి గోడ మీద ఒక వైట్ బోర్డు ఉంది, సాయంత్రం ఆరున్నరకి మర్నాటి కట్‌ల నంబర్ దాని మీద రాస్తాం. మొన్న సాయంత్రం 187 అని రాశాం. అంటే నిన్న రాత్రికి 963 మంది, మాస్టర్ 145 కేజీల బియ్యం కొలిపించాడు. తిని వెళ్లాక ఎంగిలి ప్లేట్ల దగ్గర రెండు బకెట్లు, గుండిగలో అడుగున కొంచెం అన్నం. స్కాన్ అయినవి 951. మిగిలిన 12 మంది గది నంబర్లు రాత్రే వార్డెన్‌కి ఇచ్చాను.